వర్షాధారపు చప్పట్లు

సోమరాయనిపేట మండలంలో కుళ్ళాయప్ప ఇరవై రెండేళ్ళుగా రెండు పనులు చేస్తున్నాడు. పొద్దున ఎనిమిదిన్నరకు తహసీల్దారు ఆఫీసు ఆవరణలోని వానకొలత గొట్టం దగ్గరికి వెళ్ళి, ఎన్ని మిల్లీమీటర్లు పడిందో చూసి జిల్లాకు పంపడం మొదటిది. పంట చేతికొచ్చే వారంలో, ఎంపికైన చేలో అయిదు మీటర్లకు అయిదు మీటర్ల చదరం కొలిచి, అందులో పండింది తూచి, హెక్టారుకు ఎంత పండిందో లెక్కగట్టడం రెండోది. దీన్ని పంట కోత ప్రయోగం అంటారు. అతని ఉద్యోగం పేరు సహాయ గణాంకాధికారి. మండలంలో కొలతల సార్ అంటే తెలుస్తుంది, ఉద్యోగం పేరు చెబితే తెలియదు.

ఆ ఏడు ప్రయోగానికి మండలం మొత్తానికి ఎంపికైన ఊరు గొల్లవంక. ఊళ్ళో ఎంపికైన చేను సుంకమ్మది, మూడెకరాల వేరుశనగ, వాళ్ళ మాటలో చెనిక్కాయ. ఊడలు నేలలోకి దిగి కాయ కట్టే సమయంలో నలభై రోజులు వాన లేదు. చెట్టు పెరికితే నాలుగు కాయలు, నాలుగింట్లో మూడు తాలు. ప్రయోగం అయ్యేదాకా ఆమె చేను ముట్టుకోకూడదు. ముట్టుకుంటే కొలత లేదు, కొలత లేకపోతే మండలం కరువు జాబితాలోకి రాదు, రాకపోతే వచ్చే ఏటికి విత్తనకాయలు ఇవ్వరు. విత్తనకాయలు లేకపోతే ఏం చేయాలో సుంకమ్మకు తెలుసు. ఇంటికి తాళం వేసి, బెంగుళూరులో మట్టి పనికి పోవాలి. ఊళ్ళో పద్దెనిమిది ఇళ్ళకు అప్పటికే తాళాలున్నాయి.

కుళ్ళాయప్ప టేపు, తాడు, మేకులు, త్రాసు సంచిలో పెట్టుకుని గొల్లవంకకు బయలుదేరబోతుండగా ఉత్తర్వు వచ్చింది. మూడు పేజీలు.

పాలక పక్షం మహాసభ ఆ నెలాఖరున ఉంది. ముగింపు రోజున అధినేత ప్రసంగాన్ని రాష్ట్రమంతా టీవీలో చూస్తుంది. పోయినేడు ఇలాగే చూసినప్పుడు ఒక ఛానల్, ప్రజలు అరచేతులు కందేలా చప్పట్లు కొట్టారని చెప్పింది. ఇంకో ఛానల్, టీవీ ముందు జనం నిద్రపోతున్నారని చూపించింది. నిజం తేల్చడానికి కమిటీ వేశారు. రెండు ఛానళ్ళూ చూపించింది ఒకే ఊరినని కమిటీ ఏడు నెలలకు తేల్చింది. అంతకు మించి తేల్చలేకపోయింది. కాబట్టి ఈసారి ప్రేక్షకుల స్పందనను ప్రభుత్వమే కొలవాలని నిర్ణయం జరిగింది. పార్టీ సభకు ప్రభుత్వం ఎందుకని ఎవరైనా అడుగుతారేమోనని ఉత్తర్వులోనే జవాబు రాశారు: "సదరు మహాసభ ఒక రాజకీయ పక్షమునకు చెందినదైనప్పటికీ, దానిని వీక్షించు ప్రజలు ప్రభుత్వ బాధ్యతలోని వారైనందున, వారి స్పందనను శాస్త్రీయముగా అంచనా వేయుట ప్రభుత్వ విధిగా భావించడమైనది."

ఊరూరా తిరిగి శాస్త్రీయంగా అంచనా వేసే పద్ధతి ఏ శాఖ దగ్గరుందని వెతికితే గణాంక శాఖ దగ్గర దొరికింది. ఆ శాఖకు తెలిసిన పద్ధతి పంట కోత.

మరునాడు జాయింట్ డైరెక్టర్ దామోదరం గారు వీడియో కాన్ఫరెన్సు పెట్టారు. ఇది ఒక పారడైమ్ షిఫ్ట్ అని మొదలుపెట్టారు. ఇన్నాళ్ళూ భూమి ఇచ్చింది కొలిచామనీ, ఇకమీద మనిషి ఇచ్చేది కొలుస్తామనీ, పద్ధతి మారదు కాబట్టి ఫీల్డ్ ఫంక్షనరీలు కంగారు పడనక్కర్లేదనీ చెప్పారు. కొత్త యాప్ తయారుచేసే వ్యవధి లేదు. ఉన్న పంటల యాప్‌లోనే, పంటల జాబితాలో, పొద్దుతిరుగుడుకూ మిరపకూ మధ్య 'ప్రసంగం' చేర్చారు.

ప్రశ్నలు అడగమన్నారు. యాప్‌లో నీటి వసతి దగ్గర ఏం రాయాలని ఒక మండలం నుంచి అడిగారు. ప్రేక్షకులకు భోజనమో మజ్జిగో ఏర్పాటు చేసిన చోట నీటిపారుదల అనీ, వాళ్ళంతట వాళ్ళు వచ్చిన చోట వర్షాధారం అనీ రాయాలని దామోదరం గారు చెప్పారు. చీడపీడల గడిలో ఏం రాయాలన్నారు. పక్క ఇంట్లో వేరే ఛానల్ మోగుతూ ఉంటే అది రాయమన్నారు. చప్పట్లను ఎలా తూచాలన్నారు. అది కమిటీ చూసుకుందట. ఒక మనిషి ఒక నిమిషం కొట్టిన చప్పట్లు వంద గ్రాములు. నవ్వు కూడా వంద గ్రాములే. ఈల రెండు వందలు. నవ్వుల్లో తేడాలుంటాయి కదా అని ఎవరో అన్నారు.

"వడ్లు తూచేటప్పుడు అవి ఏ ఉద్దేశంతో పండాయని అడుగుతామా?" అన్నారు దామోదరం గారు.

సాధారణ దిగుబడి అంటే అయిదేళ్ళ సగటు. చప్పట్లకు అయిదేళ్ళ లెక్కలు లేవు. అందుకని తాత్కాలికంగా ఆ జిల్లా వేరుశనగ సగటునే తీసుకున్నారు: హెక్టారుకు ఎనిమిది వందల కిలోలు. చదరానికి రెండు కిలోలు. అంటే చదరంలో కూర్చున్న వాళ్ళల్లో ఇరవై మంది ఒక్క నిమిషం చప్పట్లు కొడితే సాధారణం. సగానికి తగ్గితే కరువు.

కుళ్ళాయప్ప చేయెత్తాడు. యాప్‌లో ప్రసంగం ఎంచుకోగానే వేరుశనగ మూసుకుపోతోందని చెప్పాడు.

అది సిస్టమ్ డిజైన్ అన్నారు దామోదరం గారు. ఒక ఊరికి ఒక సీజన్‌లో ఒకే ప్రధాన పంట. ఈ సీజన్‌కు ఏది ప్రధానమో ఉన్నత స్థాయిలో నిర్ణయించారు.

"మరి కరువు జాబితా సార్?"

"అది యాప్ తయారుచేస్తుందయ్యా. ఎంట్రీ పడగానే మండలం పేరు జాబితాలోకి దానంతటది వెళ్తుంది, దానంతటది బయటికి వస్తుంది. మానవ ప్రమేయం లేదు. నేను కూడా వేలు పెట్టలేను. దేశంలో ఇంకెక్కడా లేదు ఇది."

ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో సంతోషం కనిపించింది. కాన్ఫరెన్సు ముగిసింది.

కుళ్ళాయప్ప గొల్లవంకకు వెళ్ళేసరికి సుంకమ్మ చేని గట్టు మీద కూర్చుని ఉంది. పక్కన కొడవలి, గోతం. అతని చేతిలో సంచి లేకపోవడం చూసి లేచి నిలబడింది. అతను జరిగింది చెప్పాడు. ప్రయోగం ఆమె చేలో కాదు, బడిలో. కొలిచేది చెనిక్కాయ కాదు, చప్పట్లు. యాప్‌లో చేను నంబరు బదులు బడి నంబరు వేశారు గానీ రైతు పేరు మార్చే వీలు లేనందువల్ల సుంకమ్మ పేరే ఉంది.

ఆమె కాసేపు చేని వైపు చూసింది.

"అంటే సార్, బడిలో చప్పట్లు బాగా పడితే మా చేలో కాయ బాగా పండినట్లా?"

"యాప్ ప్రకారం అంతే."

"పడకుంటే?"

"కరువు."

"అయితే సరిపోయె. ఎవురూ కొట్టరులే."

అలా మాట్లాడకూడదని కుళ్ళాయప్ప అన్నాడు. కొలిచేవాడు పంటను ప్రభావితం చేయకూడదని నిబంధన ఉంది. నాకేం చెప్పొద్దు, నేను వినలేదు అన్నాడు. నువ్వు వినేది వద్దు సార్, నేను చెప్పేది ఊరికి అని సుంకమ్మ గోతం భుజాన వేసుకుంది.

సాయంత్రానికి ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది. ఒక్కడికే ఇబ్బంది వచ్చింది. అతను తిప్పేస్వామి, ఆ ఊళ్ళో పాలక పక్షం మనిషి. బడిలో పెద్ద టీవీ పెట్టించింది అతనే. రెండు వందల మందికి మజ్జిగ చెప్పించింది అతనే. అధినేత ప్రసంగానికి గొల్లవంకలో చప్పట్లు పడలేదంటే పైన అతని పరువు పోతుంది. పడ్డాయంటే కింద అతని అయిదెకరాల చెనిక్కాయకు రావాల్సిన సాయం పోతుంది. అదీ తాలే.

తిప్పేస్వామి మోటారు సైకిలు వేసుకుని మండలానికి వచ్చి కుళ్ళాయప్ప ఇంటి ముందు దిగాడు. మజ్జిగ పోస్తే ఏమవుతుందని అడిగాడు. నీటిపారుదల కింద రాయాలని కుళ్ళాయప్ప చెప్పాడు. నీటిపారుదల పంటకు కరువు వర్తించదని కూడా చెప్పాడు, అడిగాడు కాబట్టి. తిప్పేస్వామి అక్కడే ఫోను తీసి మజ్జిగ వద్దని చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"సార్, నేనైతే కొట్టక తప్పదు. ముందర కూర్చోని కొట్టల్ల. ఫోటో పంపల్ల పైకి."

"చదరం బయట కూర్చుంటే లెక్కలోకి రాదు," అన్నాడు కుళ్ళాయప్ప.

"చదరం యాడొస్తాది?"

"రాండమ్ నంబర్ల ప్రకారం. ఆ రోజు దాకా నాకూ తెలీదు."

తిప్పేస్వామి ఆలోచించి, చదరం గీసిన తర్వాతే కూర్చుంటానని వెళ్ళిపోయాడు.

ప్రసంగం రోజున కుళ్ళాయప్ప నాలుగింటికే బడికి వెళ్ళాడు. హాలు నైరుతి మూలలో నిలబడ్డాడు. యాప్ ఇచ్చిన అంకెల ప్రకారం తూర్పుకు ఆరడుగులు, ఉత్తరానికి నాలుగడుగులు వేశాడు. సిమెంటు నేలలో మేకు దిగదు కాబట్టి చాక్‌పీసుతో చదరం గీశాడు. కర్ణాలు కొలిచి సరిచూశాడు. అది చాలావరకు ఆడవాళ్ళు కూర్చునే వైపు పడింది. నూట ఇరవై మంది వచ్చారు. చదరంలో కూర్చున్నది ఇరవై ఎనిమిది మంది. గీత మీద కూర్చున్న ఒకామెను, చెట్టు మొదలు గీతకు లోపలుందా బయటుందా అని చూసినట్టే చూసి, లోపలికి చేర్చాడు. మధ్యలో సుంకమ్మ ఉంది. ఆమె పక్కన స్తంభానికి ఆనుకోడానికి చోటు చూసుకుని కంబయ్య కూర్చున్నాడు. డెబ్భై దాటిన మనిషి, చెవి బాగానే వినపడుతుంది, కానీ వినడం మానేసి చాలా కాలమైంది. తిప్పేస్వామి గీతకు మూరెడు దూరంలో కుర్చీ వేసుకున్నాడు.

అధినేత ప్రసంగం అయిదున్నరకు మొదలైంది. కుళ్ళాయప్ప చేతిలో గడియారం, ఒళ్ళో ఫారం. మొదటి అరగంటలో పేర్లు చదివారు. తర్వాతి అరగంటలో సాధించినవి చెప్పారు. టీవీలో జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. తిప్పేస్వామి కుర్చీలో కొడుతున్నాడు. చదరంలో ఇరవై ఎనిమిది జతల చేతులు కొంగుల కింద, తువ్వాళ్ళ కింద ఉన్నాయి. ఒకామె మెడ మీద దోమ వాలితే తల ఊపింది గానీ చేయి తీయలేదు. కంబయ్య గురక పెట్టాడు. గురక జాబితాలో లేదు కాబట్టి కుళ్ళాయప్ప రాయలేదు. గంటా పది నిమిషాలకు ఫారంలో ఒక్క గ్రాము పడలేదు.

అప్పుడు అధినేత నీళ్ళు తాగి, గొంతు మార్చి, రైతుల సంగతికి వచ్చారు. తమ పాలనలో కరువు అన్న మాటను పసిపిల్లలకు బొమ్మ గీసి చూపించాల్సి వస్తోందన్నారు. మొన్న దారిలో ఒక ఆడబిడ్డ కారు ఆపిందని చెప్పారు.

"ఏమ్మా, ఏం కష్టం అన్నాను. కష్టం కాదన్నా, చెనిక్కాయ చెట్టు పెరికితే వంద కాయలొస్తున్నాయి, మోసి మోసి నా నడుము పోతోంది, ఇంత పంట మాకు వద్దన్నా అంది."

చదరం మధ్య నుంచి చిన్న చప్పుడు వచ్చింది. సుంకమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. భుజాలు అదురుతున్నాయి. పక్కావిడ ఆమె వైపు చూసింది, చూసి తనూ ఆపుకోలేకపోయింది. నడుము పట్టుకుని ఒకామె, అమ్మా మోయలేకుండాను అంది. ఇక అయిపోయింది. ఇరవై ఎనిమిది మందీ నవ్వారు. కంబయ్య లేచి, ఎందుకో తెలియకుండానే నవ్వాడు. తిప్పేస్వామి కుర్చీలో వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. ఒకరు ఆపితే ఇంకొకరు వంద కాయలు అనేవారు, మళ్ళీ మొదలయ్యేది.

కుళ్ళాయప్ప గడియారం చూశాడు. నాలుగు నిమిషాలు. ఇరవై ఎనిమిది మంది, నాలుగు నిమిషాలు, మనిషికి నిమిషానికి వంద గ్రాములు. పదకొండు కిలోల రెండు వందలు. హెక్టారుకు నాలుగు వేల నాలుగు వందల ఎనభై. సాధారణం కన్నా అయిదు రెట్లు పైన. అతను రెండుసార్లు కూడి చూశాడు. తగ్గించి రాయడం ఇరవై రెండేళ్ళలో ఎప్పుడూ చేయలేదు, పెంచి రాయడమూ చేయలేదు. ఉన్నది ఉన్నట్టు కొట్టాడు. యాప్ పచ్చగా మారి, శుభాకాంక్షలు తెలిపింది.

మరునాడు పొద్దున ఏడింటికి దామోదరం గారు ఫోను చేశారు. రాష్ట్రంలో అత్యధిక దిగుబడి మీదే అన్నారు. చదరంలో ఉన్నవాళ్ళకు ఏదైనా శిక్షణ ఇచ్చావా అని అడిగారు. లేదన్నాడు కుళ్ళాయప్ప. వర్షాధారంలో ఇంత పండటం అధ్యయనం చేయాల్సిన విషయమనీ, రాష్ట్ర స్థాయి అవార్డుకు పేరు పంపుతున్నాననీ చెప్పారు. తర్వాత సుంకమ్మ వచ్చింది. బస్సు దిగి నడిచి వచ్చినట్టుంది, కాళ్ళకు దుమ్ము. ఆఫీసు గుమ్మం దగ్గరే కూర్చుంది.

"నేనే నగితి సార్. ఊరికంతా చెప్పినదాన్ని నేనే. ఎట్లన్నా చేసి దాన్ని కొట్టెయ్యలేవా?"

కొట్టేయడం కుదరదన్నాడు కుళ్ళాయప్ప. వచ్చింది వచ్చినట్టే రాశానన్నాడు.

"నువ్వు రాసిండేది తప్పనలేదులే సార్. వచ్చింది వచ్చిండేదే." కాళ్ళ దుమ్ము దులుపుకుంది. "పెరికేస్తాం ఇంక. కట్టె ఎండిపోతాంది, గొడ్లకన్నా అయితాది. దీపావళి దాటినాక బెంగుళూరికి పోతాం. మా ఆడబిడ్డ ఆడే ఉండాది."

ఆమె వెళ్ళాక కుళ్ళాయప్ప పంట కోత నిబంధనల పుస్తకం తీశాడు. పరిష్కారం దొరుకుతుందని తీయలేదు. అవార్డుకు పంపే ఫారంలో ఏ గడీ ఖాళీగా ఉండకూడదని దామోదరం గారు చెప్పారు, ఏదైనా మిగిలిపోయిందేమో చూద్దామని తీశాడు. మిగిలింది. రెండో భాగం అంతా మిగిలింది. కోసిన రోజు తూచేది పచ్చి బరువు. దాన్ని పదిహేను రోజులు ఎండబెట్టి, మట్టి, కట్టె, తాలు వేరుచేసి, గట్టి కాయను మాత్రం మళ్ళీ తూచాలి. దిగుబడిగా లెక్కించేది ఆ ఎండు బరువునే. తడి కాయ తూచి పంట అనుకోకుండా పూర్వం ఎవరో జాగ్రత్తపరుడు పెట్టిన నిబంధన అది. యాప్‌లో ప్రసంగం చేర్చినవాళ్ళు దాన్ని తీసేయడం మరిచిపోయారు.

కుళ్ళాయప్ప తనంతట తాను నిర్ణయం తీసుకోలేదు. దామోదరం గారికి ఫోను చేసి, రెండో భాగం నింపాలా వద్దా అని మార్గదర్శకం కోరాడు.

"నింపక? రాష్ట్ర రికార్డయ్యా అది. రేపు ఎవడైనా వేలెత్తి చూపిస్తే? నిబంధన అంటే నిబంధనే. తు.చ. తప్పకుండా చేయి. చేసి ఫోటోతో సహా అప్‌లోడ్ చేయి."

మిగతా మండలాల్లో పచ్చి బరువునే ఎండు బరువు గడిలో మళ్ళీ కొట్టేశారని తర్వాత తెలిసింది. కుళ్ళాయప్ప పదిహేనో రోజున గొల్లవంకకు వెళ్ళాడు.

చాక్‌పీసు గీత చెరిగిపోయింది. కొలిచి మళ్ళీ గీశాడు. అదే ఇరవై ఎనిమిది మందిని అందులో కూర్చోబెట్టాడు. ఇద్దరు బెంగుళూరు పోవడానికి మూటలు కట్టుకుని, ఇది అయ్యాక బస్సెక్కుదామని వాటితోనే వచ్చారు. ఒక్కొక్కరినీ ఒకటే అడిగాడు. ఆ రోజు విన్న ప్రసంగంలో నీ దగ్గర ఇంకా ఏం మిగిలింది?

ఒకామె అధినేత భుజం మీది శాలువా రంగు చెప్పింది. అది కట్టె కింద తీసేశాడు. ఒకామె మధ్యలో రెండుసార్లు కరెంటు పోయిందని చెప్పింది. మట్టి. ఒకాయన ఏదో రోడ్డు వేస్తామన్నట్టు గుర్తన్నాడు. ఏ రోడ్డని అడిగితే, మన రోడ్డయితే గుర్తుండేదే అన్నాడు. ఎనిమిది మంది, సుంకమ్మ నవ్వడం గుర్తుందన్నారు. అది ప్రసంగంలోది కాదు. సుంకమ్మ వంతు వచ్చింది.

"వంద కాయలు," అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"అది నిజమనుకున్నావా?"

"లేదు సార్."

తాలు, అని రాసుకున్నాడు.

చివరికి కంబయ్య మిగిలాడు. ఆయనకు ఏమీ గుర్తుండదని అందరూ లేవబోయారు. ఆగండప్పా అన్నాడు కంబయ్య.

"ఒకటుండాది. 'సమయం మించిపోయింది, ఇంతటితో ముగిస్తున్నాను' అనె. అన్యాక నిజంగానే ముగించె."

కుళ్ళాయప్ప కలం పట్టుకుని ఆలోచించాడు. చెప్పినమాట. చేసినమాట. విన్నవాడి దగ్గర పదిహేను రోజుల తర్వాత చెడకుండా ఉంది. ఏ వైపు నుంచి చూసినా గట్టి కాయే. దాన్ని తీసేయడానికి నిబంధన లేదు. ఒక మనిషి, ఒక వాక్యం. నిమిషంలో పదో వంతు పట్టి ఉంటుంది. పది గ్రాములు వేశాడు. చదరానికి పది గ్రాములంటే హెక్టారుకు నాలుగు కిలోలు.

యాప్ కాసేపు తిరిగి, ఎర్రగా మారింది. సోమరాయనిపేట మండలం దానంతటది కరువు జాబితాలోకి వెళ్ళింది.

దామోదరం గారి ఫోను పది నిమిషాల్లో వచ్చింది. నాలుగు వేల నాలుగు వందల ఎనభై ఎక్కడ, నాలుగెక్కడ అన్నారు. మధ్యలో ఏమైందయ్యా అన్నారు.

"తేమ సార్. పచ్చిగా ఉన్నప్పుడు తేమ ఎక్కువగా ఉండింది."

అవతల ఆయన జాబితాలోంచి తీసే మార్గం చూడమని ఎవరికో చెప్పడం, మానవ ప్రమేయానికి వీల్లేదని ఆ ఎవరో జవాబివ్వడం వినపడ్డాయి. చివరికి, తనిఖీ బృందం వస్తుందనీ, వాళ్ళు సంతకం పెడితేనే కరువు ఖాయమనీ చెప్పి దామోదరం గారు ఫోను పెట్టేశారు.

బృందం తొమ్మిదో రోజున వచ్చింది. ఇద్దరు అధికారులు, మూడు కార్లు. సుంకమ్మ కట్టిన మూటలు విప్పనూ లేదు, ఎత్తనూ లేదు, ఇంట్లో అలాగే గోడకు పెట్టి ఉన్నాయి. ముందుగా మా చేను, పెరికిన తాలు కాయ చూడండి సార్, అర కిలోమీటరే అని బృందాన్ని బతిమాలింది. పెద్దాయన కాగితాలు చూశారు. ప్రభావిత క్షేత్రం బడి అని ఉంది. చేను కార్యక్రమంలో లేదు. అందరూ బడి హాల్లోకి వెళ్ళి చాక్‌పీసు చదరం చుట్టూ నిలబడ్డారు. చిన్న అధికారి వంగి, నేలను వేలితో తట్టి చూశాడు. ఫోటోలు తీసుకున్నారు. రైతు ఎవరంటే సుంకమ్మ ముందుకొచ్చింది.

"ఇక్కడ ఏ పంట వేశారమ్మా?" పెద్దాయన అడిగారు.

"మేమేం వెయ్యలేదు సార్. ఆయప్పే టీవీలోంచి ఏసిపాయ."

"విత్తనం ఎలాంటిది?"

"కొత్తదేం కాదు సార్. పోయిన ఎలచ్చన్లప్పుడు ఏసిందే మళ్ళా ఏసినట్లుండె."

పెద్దాయన 'పాత విత్తనం' అని రాసుకున్నారు. కిందికి వస్తూ, నష్టం తొంభై తొమ్మిదిన్నర శాతం అని రాశారు. ఆ కింద ఇంకో గడి ఉంది: నష్టపోయిన రైతులకు పంపవలసిన విత్తనం. పోయిన పంట విత్తనమే పంపాలన్నది పద్ధతి. ఆయన కలం 'ప్ర' దాకా వెళ్ళింది.

హాల్లో ఉన్నవాళ్ళకు ఆ గడి సంగతి అప్పుడే అర్థమైంది. అది పూర్తయితే గొల్లవంకకు వచ్చేది ఇంకో ప్రసంగం. టీవీలో కూడా కాదు, స్వయంగా. తిప్పేస్వామి, పార్టీ కండువాతో సహా, ఒక అడుగు ముందుకేసి ఆగిపోయాడు. సుంకమ్మ కుళ్ళాయప్ప వైపు చూసింది.

కుళ్ళాయప్ప గొంతు సవరించుకున్నాడు. పై అధికారి రాస్తున్నప్పుడు మధ్యలో మాట్లాడటం అతను ఇంతకు ముందు చేయలేదు.

"సార్, ఒకే పంట వరసగా పోతే ప్రత్యామ్నాయ పంట సూచించవచ్చని నిబంధన ఉంది. ఈ నేలకు ప్రసంగం పడదు. ఇరవై రెండేళ్ళుగా కొలుస్తున్నాను."

"మరి ఏది పడుతుంది?"

"వేరుశనగ సార్. వాన పడితే."

పెద్దాయన చదరం వైపు చూశారు. గడియారం చూసుకున్నారు. ఇంకా రెండు మండలాలు తిరగాలి. రాసిన అక్షరం కొట్టేసి, ప్రత్యామ్నాయ పంటగా వేరుశనగ విత్తనకాయలు సరఫరా చేయవలెను అని రాసి, సంతకం పెట్టారు. చిన్న అధికారి కూడా పెట్టాడు.

కార్లు వెళ్ళిపోయాక సుంకమ్మ ఆ కాగితం నకలు తీసుకుంది. చదువు రాదు. కుళ్ళాయప్ప చేతికిచ్చి ఏం రాసినారో చదవమంది. అతను చదివాడు. ఇంకోసారి చదవమంది, చెనిక్కాయ ఉండే చోట మాత్రం. అతను ఆ వాక్యం మళ్ళీ చదివాడు. ఆమె కాగితం మడిచి రవికెలో పెట్టుకుని, మూటలు విప్పడానికి ఇంటికి పోయింది.